సర్వర్ 2003 నుంచి కొత్త నాస్ తెరుచుకోవడం లేదు, ఎర్రర్ 64

మిల్లు_లెక్కలు (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి పక్కన రైస్ మిల్లు. నేను లెక్కలు రాసేవాణ్ణి, కంప్యూటర్ల పని కూడా నా నెత్తినే పడింది. ఆఫీసు గది మూలలో ఒక టవర్ సర్వర్ ఉంది, విండోస్ సర్వర్ 2003, సర్వీస్ ప్యాక్ 2, ర్యామ్ 2 జీబీ. అందులో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసిన లెక్కల సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. రైతు వారీగా ధాన్యం, లారీ వారీగా బస్తాలు, తవుడు, నూక అన్నీ దాంట్లోనే. రాసినాయన ఆ పనే మానేసి వైజాగ్ వెళ్ళిపోయాడు, సోర్సు మా దగ్గర లేదు, కాబట్టి దయచేసి "సర్వర్ మార్చండి" అని మాత్రం మొదలుపెట్టకండి. కాటా దగ్గర ఒకటి, కౌంటర్లో రెండు విండోస్ 7 మిషన్లు దీనికి కనెక్ట్ అయి ఉంటాయి. జీఎస్టీ పనికి విడిగా ఒక విండోస్ 10 కంప్యూటర్ ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆఫీసులోకి నీళ్ళొస్తే ఈ సర్వర్‌ని ఇద్దరం మోసుకెళ్ళి బస్తాల దొంతి మీద పెట్టి టార్పాలిన్ కప్పాం. ఆ రోజు నుంచి ఓనర్ గారికి బ్యాకప్ భయం పట్టుకుంది, డబ్బు తీయడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. మొత్తానికి రెండు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్ళు దాచుకునే పెట్టె) కొన్నాం, రెండూ 4 టీబీ, ఒకదానికొకటి అద్దంలా పెట్టాను. విండోస్ 10లోనూ నా లాప్‌టాప్‌లోనూ షేర్ చక్కగా తెరుచుకుంటోంది. సర్వర్ నుంచి పింగ్ (అవతలి పెట్టె పలుకుతోందో లేదో చూసే పరీక్ష) కూడా వెళ్తోంది. కానీ రన్‌లో \\192.168.1.20 కొడితే కాసేపు ఆలోచించి, ఆ నెట్‌వర్క్ పేరు ఇక అందుబాటులో లేదు అంటోంది. నెట్ యూజ్‌తో ప్రయత్నిస్తే సిస్టమ్ ఎర్రర్ 64. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జయపురం_జెరాక్స్
కేబుల్ మార్చి చూశారా? మా షాపులో ఒకసారి ఇలాగే అయితే చివరికి ఎలక కొరికిన కేబుల్ అని తేలింది.

మిల్లు_లెక్కలు
మార్చాను భాయ్. మిల్లు కాబట్టి ఎలకల సంగతి ముందే చూసుకున్నా. పింగ్ వెళ్తోంది కదా.

బరంపురం_బాబాయ్
కేబుల్ కాదు. ఎర్రర్ 53 వచ్చి ఉంటే దారి దొరకలేదని అర్థం, అప్పుడు కేబుల్, ఐపీ, ఫైర్‌వాల్ వెతకాలి. నీకు 64 వచ్చింది. అంటే తలుపు దాకా వెళ్ళావు, ఒక మాట మాట్లాడావు, అవతలివాడు మొహం మీదే తలుపేశాడు. అనుమానముంటే సర్వర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి టెల్‌నెట్ 192.168.1.20 445 అని కొట్టు. ఏమీ రాయకుండా నల్ల తెర వచ్చిందా, దారి బాగానే ఉన్నట్టు.

అసలు సంగతేమిటంటే విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే ప్రోటోకాల్ పేరు ఎస్‌ఎంబీ. సర్వర్ 2003కీ ఎక్స్‌పీకీ దాని మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. రెండో వెర్షన్ విస్టాతో, సర్వర్ 2008తో వచ్చింది. మూడోది విండోస్ 8, సర్వర్ 2012తో. నాస్ పెట్టెల్లో చాలావరకు లోపల నడిచేది లైనక్సు, అందులో ఫైళ్ళు పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్. ఆ సాంబా 2019లో వచ్చిన 4.11 నుంచి ఎస్‌ఎంబీ 1ని డిఫాల్ట్‌గా ఆపేసింది. నీ సర్వర్ బ్యాంకుకి పాత ఐదువందల నోటు పట్టుకెళ్ళినట్టుంది వ్యవహారం. నోటు దొంగది కాదు, చెల్లుబాటు పోయిందంతే.

గుణుపూర్_నెట్‌వర్క్
బాబాయ్ చెప్పింది కరెక్ట్. నాస్ సెట్టింగుల్లో ఫైల్ సర్వీసులు, అందులో ఎస్‌ఎంబీ, అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. సైనాలజీలో అయితే మినిమమ్ ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ అని, క్యూనాప్‌లో లోయెస్ట్ ఎస్‌ఎంబీ వెర్షన్ అని కనిపిస్తుంది. దాన్ని ఎస్‌ఎంబీ 1కి దించి చూడండి. అసలు కారణం ఇదో కాదో తేల్చుకోవడానికి మాత్రమే సుమా, అలాగే వదిలేయడానికి కాదు. మ్యాక్సిమమ్‌ని మాత్రం ఎస్‌ఎంబీ 3 దగ్గరే ఉంచండి, లేకపోతే మిగతా కంప్యూటర్లు కూడా కిందికి జారిపోతాయి.

మిల్లు_లెక్కలు
దించాను. 64 పోయింది, 1326 వచ్చింది! యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు అంటోంది. పాస్‌వర్డ్ తప్పు కాదు, అదే పాస్‌వర్డ్‌తో లాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది. క్యాప్స్ లాక్ చూశాను, పాస్‌వర్డ్‌ని నోట్‌ప్యాడ్‌లో రాసి కాపీ పేస్ట్ కూడా చేశాను, నాస్ పేరు ముందు పెట్టి స్లాష్ కొట్టి యూజర్ పేరు ఇచ్చాను. ఓ పదిసార్లు అయ్యాక ఇప్పుడు పింగ్ కూడా వెళ్ళడం లేదు.

గుణుపూర్_నెట్‌వర్క్
పింగ్ పోయిందంటే నాస్ మీ సర్వర్ ఐపీని బ్లాక్ చేసి ఉంటుంది. వరసగా తప్పు లాగిన్లు వస్తే కొన్ని పెట్టెలు ఆటోమేటిగ్గా బ్లాక్ లిస్టులో వేసేస్తాయి. లాప్‌టాప్ నుంచి నాస్‌లోకి వెళ్ళి, సెక్యూరిటీ పేజీలో ఆ ఐపీ కనిపిస్తే తీసేయండి. మళ్ళీ కొట్టడం మాత్రం ఆపండి, కింద ఎవరో ఒకరు చెప్పేదాకా.

రాయగడ_లైనక్స్
ఆ ఎవరో ఒకరు నేనే అనుకోండి. పాస్‌వర్డ్ సరైనదే, దాన్ని చేరవేసే పద్ధతి పాతది. సర్వర్ 2003 ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ఎన్‌టీఎల్‌ఎం (విండోస్‌లో పాస్‌వర్డ్ నిరూపించుకునే పద్ధతి) మొదటి రకం జవాబే పంపుతుంది. సాంబా 4.5 నుంచి అంటే 2016 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా తీసుకోవడం లేదు, రెండో రకమే కావాలంటుంది. సర్వర్ 2003కి రెండో రకం కూడా వచ్చు, మనం అడగాలి అంతే.

సర్వర్లో అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, లోకల్ సెక్యూరిటీ పాలసీ, లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్. ఆ పొడుగాటి జాబితాలో నెట్‌వర్క్ సెక్యూరిటీతో మొదలయ్యే వాటిలో లాన్ మేనేజర్ అథెంటికేషన్ లెవెల్ ఉంటుంది. దాన్ని "ఎన్‌టీఎల్‌ఎం వీ2 రెస్పాన్స్ ఓన్లీ" పంపేలా మార్చండి. రిజిస్ట్రీ తెలిసినవాళ్ళకైతే ఎల్‌ఎం కంపాటిబిలిటీ లెవెల్ 2 నుంచి 3కి. ఇది సర్వర్ బయటికి వెళ్ళేటప్పుడు వాడే పద్ధతి మాత్రమే, మీ కాటా కంప్యూటర్ సర్వర్‌లోకి రావడానికి దీనితో ఇబ్బంది లేదు. నాస్‌లో ఎన్‌టీఎల్‌ఎం వీ1 ఎనేబుల్ చేయండి అని ఇంటర్నెట్ అంతా రాసి ఉంటుంది, ఆ పని చేయకండి. సర్వర్ పైకి రాగలిగినప్పుడు నాస్‌ని కిందికి లాగడం దేనికి?

ఇంకోటి. మళ్ళీ ప్రయత్నించే ముందు నెట్ యూజ్ స్టార్ స్లాష్ డిలీట్ కొట్టి పాత కనెక్షన్లు తుడిచేయండి, లేకపోతే 1219 అని ఇంకో కొత్త ఎర్రర్‌తో ఇక్కడికే వస్తారు.

మిల్లు_లెక్కలు
తెరుచుకుంది!!! రాయగడ అన్నా మీ కాళ్ళకి దండం. 6 జీబీ డేటా ఫోల్డర్ పది నిమిషాల్లోపే నాస్‌లోకి వెళ్ళిపోయింది. సెకనుకి 11 ఎంబీ చొప్పున వెళ్ళింది, సర్వర్ నెట్‌వర్క్ కార్డు 100 ఎంబీపీఎస్‌దే కాబట్టి అంతకుమించి రాదులెండి. ఓనర్ గారు బూందీ పొట్లం తెప్పించారు. ఇక నాస్ ఫోల్డర్ సర్వర్లో సొంత డిస్కులా కనిపించేలా జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి రాత్రిపూట టాస్క్ పెట్టేస్తా. ఈ థ్రెడ్ మూసేయొచ్చు.

బరంపురం_బాబాయ్
మూయకు. బూందీ తిను, తిన్నాక ఇది చదువు.

ఇప్పుడు నువ్వు చేసిందేమిటో చూడు. ఒక్క ముసలి సర్వర్ లోపలికి రావడానికి కొత్త నాస్ గుమ్మం మొత్తం కిందికి దించేశావు. ఆ గుమ్మంలోంచి సర్వర్ ఒక్కటే రాదు కదా. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఈ ఎస్‌ఎంబీ 1లో విండోస్ వాడి లోపం పట్టుకునే. మన ఆంధ్రాలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్ళు వేసుకోలేదు. ఆఖరికి సపోర్టు ఆగిపోయిన ఎక్స్‌పీకీ సర్వర్ 2003కీ కూడా ఆ వారాంతం ప్రత్యేకంగా ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది, కేబీ 4012598. అది నీ సర్వర్లో ఉందో లేదో ఈ రాత్రికే చూడు. సర్వర్ 2003 సపోర్టు 2015 జులై 14తో అయిపోయింది, అదొక్కటీ తప్ప దానికి కొత్తగా వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాస్‌లో నడిచేది సాంబా కాబట్టి వాన్నాక్రై నేరుగా దానికి పట్టదు, అది నిజమే. నా బెంగ వేరే. నువ్వు జెడ్ డ్రైవ్ అన్నావే, అది.

జయపురం_జెరాక్స్
మా దగ్గర ఎనిమిదేళ్ళుగా ఎస్‌ఎంబీ 1 మీదే నడుస్తోంది, ఏమీ కాలేదు. మీరు ఊరికే భయపెడుతున్నారు. తెరుచుకుంది కదా, వదిలేయండి.

సిరొంచ_సెంటర్
మాది మహారాష్ట్ర వైపు, ప్రాణహిత ఒడ్డు. జెరాక్స్ గారి మాటే నేనూ అనేవాణ్ణి. మా దగ్గర ఒక డయాగ్నస్టిక్ ల్యాబుకి నేను సర్వీస్ చేసేవాణ్ణి, పేరు చెప్పను. అచ్చం ఇదే సెటప్, పాత సర్వర్, పక్కన నాస్, జెడ్ డ్రైవ్ మ్యాప్ చేసి పెట్టాను, నేనే, ఈ చేతులతోనే. కౌంటర్ అమ్మాయి మెయిల్లో వచ్చిన బిల్లు అనుకుని ఏదో తెరిచింది. ర్యాన్సమ్‌వేర్ ముందు ఆ కంప్యూటర్, తర్వాత సర్వర్ షేర్, ఆ తర్వాత సర్వర్లో జెడ్ డ్రైవ్ తెరిచే ఉంది కదా, నేరుగా బ్యాకప్‌లోకి. పొద్దున్నే వెళ్ళి చూస్తే అసలు ఫైళ్ళూ బ్యాకప్ ఫైళ్ళూ ఒకే తోక పేరుతో. రిపోర్టుల కోసం వచ్చిన పేషెంట్లు బయట బెంచీల మీద. నేను ఆ గదిలో ఎంతసేపు నిలబడ్డానో నాకే గుర్తులేదు.

మిల్లు_లెక్కలు
ఇది చదివి జెడ్ డ్రైవ్ తీసేశాను. మరేం చేయాలి? సర్వర్‌కి ఎస్‌ఎంబీ 2 ఎలాగూ రాదంటున్నారు.

బరంపురం_బాబాయ్
రాదు, ప్యాచ్ వేసినా రాదు. దిక్కు మార్చు. ఇప్పుడు ముసలాయన్ని నాస్ దగ్గరికి నడిపిస్తున్నావు. ఆయన్ని కూర్చున్నచోటే కూర్చోనిచ్చి, కాళ్ళూ చేతులూ బాగున్నవాణ్ణి ఆయన దగ్గరికి పంపు. నీ దగ్గర విండోస్ 10 ఉందన్నావు. అది రాత్రి సర్వర్ షేర్‌లోంచి ఫైళ్ళు తీసుకుని, ఎస్‌ఎంబీ 3లో నాస్‌కి ఇస్తుంది. నాస్‌లో ఎస్‌ఎంబీ 1 అక్కర్లేదు, సర్వర్‌కి నాస్ పాస్‌వర్డే తెలియక్కర్లేదు. సర్వర్‌కి ఏం పట్టినా అక్కణ్ణుంచి నేరుగా నాస్‌లోకి వెళ్ళే దారి ఉండదు.

రాయగడ_లైనక్స్
దీన్ని నేను వెయ్యిసార్లు సమర్థిస్తా. ఎలాగో నేను చెప్తా. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ 1 డిఫాల్ట్‌గా ఉండదు. కంట్రోల్ ప్యానెల్లో విండోస్ ఫీచర్స్ తెరిస్తే ఎస్‌ఎంబీ 1.0 సీఐఎఫ్‌ఎస్ ఫైల్ షేరింగ్ సపోర్ట్ అని ఉంటుంది, పక్కన ప్లస్ నొక్కితే మూడు పిల్లలు కనిపిస్తాయి. అందులో క్లయింట్ ఒక్కదానికే టిక్ పెట్టండి. సర్వర్ అనేదానికి వద్దు. ఆటోమేటిక్ రిమూవల్ అనేదానికి కూడా టిక్ తీసేయండి, ఎందుకంటే 15 రోజులు వాడకపోతే అది తనంతట తానే పీకేస్తుంది. పండక్కి మిల్లు మూసి వచ్చాక చూస్తే బ్యాకప్ ఆగిపోయి ఉంటుంది.

సర్వర్లో బ్యాకప్‌కని ఒక యూజర్‌ని పుట్టించి ఆ ఫోల్డర్ మీద చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. నాస్‌లో ఇంకో యూజర్, ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు. నాస్‌లో స్నాప్‌షాట్లు ఉంటే రోజుకొకటి పెట్టేయండి, పొరపాటున చెడిపోయిన ఫైల్ కాపీ అయినా నిన్నటిది ఉంటుంది.

కాపీకి రోబోకాపీ వాడండి, విండోస్ 10లోనే ఉంటుంది. సర్వర్ షేర్ పేరు, తర్వాత నాస్ షేర్ పేరు, తర్వాత స్లాష్ ఈ, స్లాష్ ఆర్ 2, స్లాష్ డబ్ల్యూ 5, చివర లాగ్ ఫైల్. (కమాండ్లు ఇంగ్లీషులో కొట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.) ఆర్, డబ్ల్యూ మర్చిపోకండి. ఏమీ ఇవ్వకపోతే రోబోకాపీ ఒక్కో ఫైల్ కోసం 30 సెకన్లకోసారి పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది, జోక్ కాదు, డిఫాల్టే అంత. స్లాష్ ఎంఐఆర్ జోలికి వెళ్ళకండి. అక్కడ పోయిన ఫైల్‌ని ఇక్కడ కూడా చెరిపేస్తుంది.

టాస్క్‌లో డ్రైవ్ అక్షరాలు వాడకుండా రెండు స్లాష్‌ల పూర్తి దారే రాయండి. మ్యాప్ చేసిన డ్రైవ్ లాగిన్ అయినవాడికే కనిపిస్తుంది, రాత్రి టాస్క్ నడిచేటప్పుడు జెడ్ అనేదే ఉండదు. దీని మీద నా జీవితంలో ఒక ఆదివారం పోయింది.

గుణుపూర్_నెట్‌వర్క్
సర్వర్‌లో ఫైర్‌వాల్ ఆన్ చేసి ఉందా? సర్వీస్ ప్యాక్ 1 నుంచి సర్వర్ 2003లో ఫైర్‌వాల్ ఉంది. ఫైల్ షేరింగ్ ఎక్సెప్షన్‌లో చేంజ్ స్కోప్ నొక్కి కాటా, కౌంటర్లు, ఆ విండోస్ 10, ఈ నాలుగు ఐపీలే ఇవ్వండి. మిల్లుకి వచ్చే ప్రతివాడి ఫోన్ వైఫైలో ఉంటుంది కదా. వీలైతే సర్వర్‌కి ఇంటర్నెట్ కూడా కట్ చేయండి, గేట్‌వే ఖాళీగా వదిలేస్తే సరి.

నాకో డౌట్. ఇదంతా ఎందుకు, ఐస్కజీ పెడితే? సర్వర్ 2003కి మైక్రోసాఫ్ట్ ఐస్కజీ ఇనిషియేటర్ విడిగా ఉండేది. ఎస్‌ఎంబీ గొడవే ఉండదు.

రాయగడ_లైనక్స్
ఉండేది, 2.08 వెర్షన్. పనిచేస్తుంది కూడా. కానీ ఐస్కజీలో నాస్ ఇచ్చేది ఫోల్డర్ కాదు, ముడి డిస్కు. సర్వర్ దాన్ని సొంత హార్డ్ డిస్కు లాగే చూస్తుంది, అంటే సిరొంచ అన్న చెప్పిన జెడ్ డ్రైవ్ కథ మళ్ళీ మొదటికొస్తుంది. పైగా అదే డిస్కుని ఇంకో కంప్యూటర్ కూడా తగిలిస్తే రెండూ కలిసి దాన్ని పాడుచేస్తాయి. వేరే దారి లేనప్పుడు చూద్దాం.

మిల్లు_లెక్కలు
అన్నీ రాసుకుంటున్నా. ఓనర్ గారు ఇంకో మాట అన్నారు. ఇంత పెద్ద నాస్ ఉంది కదా, సర్వర్ డిస్కులు పాతవి, లెక్కల డేటా మొత్తం నాస్‌లో పెట్టి అక్కణ్ణుంచే సాఫ్ట్‌వేర్ నడిపిద్దామంటున్నారు. ఆయనకి ఏమని చెప్పను?

బరంపురం_బాబాయ్
ఇలా చెప్పు. ఫాక్స్‌ప్రోలో డేటాబేస్ సర్వర్ అంటూ లేదు. ప్రతి కంప్యూటరూ ఆ డీబీఎఫ్ (టేబుల్) ఫైళ్ళని నేరుగా తెరిచి, తానే తాళం వేసి, తానే రాస్తుంది. ఆ తాళాల విషయంలో ఫైళ్ళు పెట్టినచోట చిన్న తేడా ఉన్నా, ఎవరి కంప్యూటర్ వాళ్ళు తమ దగ్గర దాచుకున్న కాపీనే నమ్మినా, ఇండెక్స్ చెడుతుంది. సోమవారం రాసిన లారీ మంగళవారం కనిపించదు. రాసినాయన ఉంటే బాగు చేయించుకుందువు, ఆయన వైజాగ్‌లో ఇంకేదో చేసుకుంటున్నాడు. డేటా ఉన్నచోటే ఉండనీ, నాస్‌కి కాపీ మాత్రమే.

కాపీ కూడా సాఫ్ట్‌వేర్ అన్ని కంప్యూటర్లలో మూసేశాకే. సర్వర్లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్‌లో ఎవరు ఏది తెరిచి ఉంచారో కనిపిస్తుంది. మీ కాటా కుర్రాడు తెరిచి ఉంచి ఇంటికెళ్ళే రకమేనా?

మిల్లు_లెక్కలు
ఆ రకమే బాబాయ్. తాళం వేసేటప్పుడు చూడమని వాచ్‌మన్‌కి చెప్పాను, స్క్రీన్ మీద ఆకుపచ్చ బొమ్మ ఉంటే నాకు ఫోన్ చేయాలి.

రాయగడ_లైనక్స్
ఫాక్స్‌ప్రో అన్నారు కాబట్టి ఇంకోటి, ఒక్కో టేబుల్ ఫైల్ 2 జీబీ దాటకూడదు. దాటితే తెరుచుకోదు. పెద్ద ఫైల్ ఎంత ఉందో ఒకసారి చూసుకోండి.

మిల్లు_లెక్కలు
చూశాను. ధాన్యం టేబుల్ 1.4 జీబీ. ఈ సంగతి తెలియకపోతేనే హాయిగా ఉండేవాణ్ణి.

ఇంకో చిన్న ప్రశ్న. సర్వర్లో కొన్ని ఫైళ్ళ పేర్లు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి. ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల స్కాన్లు, పేర్లు ఒడియాలో ఉంటాయి. కాపీలో పాడవుతాయా?

బరంపురం_బాబాయ్
పాడవవు. సర్వర్ 2003లో తెలుగుకి గౌతమి ఫాంటు ఉంది గానీ ఒడియాకి లేదు, కళింగ ఫాంటు విస్టాతో వచ్చింది. పేరు లోపల సరిగ్గానే ఉంటుంది, చూపించడానికి దానికి అక్షరాల్లేవంతే. విండోస్ 10లోంచి చూడు, చక్కగా కనిపిస్తాయి.

కానీ పేరు పొడుగు చూసుకో. చాలా నాస్‌ల్లో ఫైల్ పేరుకి 255 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, మన తెలుగు అక్షరమైనా ఒడియా అక్షరమైనా, గుణింతం గుర్తైనా ఒత్తైనా, ఒక్కోటి మూడు. అంటే 85 దాటితే గోవిందా. ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్లు కొన్నింట్లో హద్దు 143, అంటే మనకి 47. "శ్రీ" అనే ఒక్క అక్షరమే కంప్యూటర్ లెక్కలో నాలుగు ముక్కలు, 12 బైట్లు. ఫైల్ పేర్లో రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా అన్నీ రాసేవాళ్ళని నేను చూశాను.

మిల్లు_లెక్కలు
బాబాయ్, మా ఆఫీసులో కెమెరా ఏమైనా పెట్టావా?

మిల్లు_లెక్కలు
మూడు వారాల తర్వాత వచ్చాను. నాస్‌లో మినిమమ్ మళ్ళీ ఎస్‌ఎంబీ 2కి పెంచేశాను, ప్యాచ్ వేశాను, ఫైర్‌వాల్‌లో నాలుగు ఐపీలు ఇచ్చాను. రాత్రి పదిన్నరకి విండోస్ 10 వెళ్ళి ఫైళ్ళు తెచ్చుకుంటోంది. అంతా బాగుందనే అనుకున్నా. నిన్న ఊరికే నాస్‌లో ఫోల్డర్ తెరిచి చూస్తే ధాన్యం టేబుల్ తేదీ ఐదు రోజుల కిందటిది! లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు. రోజూ నడిచింది, రోజూ ఫెయిల్డ్ సున్నా అంది, కాపీ మాత్రం చేయలేదు. చెమటలు పట్టాయి. ఇంకో విచిత్రం, సర్వర్లో వారానికోసారి ఎన్‌టీ బ్యాకప్‌తో సిస్టమ్ స్టేట్ (విండోస్ సెట్టింగుల కాపీ) తీసే టాస్క్ పెట్టుకున్నా, అది కూడా నడవలేదు.

రాయగడ_లైనక్స్
మీ రోబోకాపీ లైన్ ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకోటి, సర్వర్లో కింద కుడిపక్క గడియారం మీద మౌస్ పెట్టి తేదీ ఎంతో చెప్పండి.

మిల్లు_లెక్కలు
లైన్‌లో మీరు చెప్పినవాటికి తోడు స్లాష్ ఎక్స్‌ఓ పెట్టాను, పాత ఫైళ్ళు మళ్ళీ మళ్ళీ కాపీ కాకుండా ఉంటుందని ఎక్కడో చదివి. సర్వర్లో తేదీ... 2003 జనవరి 5.

రాయగడ_లైనక్స్
దొరికింది. ఐదు రోజుల కిందట కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోయిందా? మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోగానే గడియారం పుట్టినరోజుకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మీరు రాసిన ప్రతి లారీ 2003 తేదీతో సేవ్ అయింది. స్లాష్ ఎక్స్‌ఓ అంటే నాస్‌లో ఉన్నదానికంటే పాతది వస్తే వదిలేయమని. దాని లెక్కలో ఈ రోజు రాసిన ఫైల్ ఇరవై ఏళ్ళ పాతది, మర్యాదగా పక్కన పెట్టింది. అది తప్పే కాదు కాబట్టి ఎర్రరూ లేదు. మీ ఎన్‌టీ బ్యాకప్ టాస్క్‌కి మొదలయ్యే తేదీ ఇంకా రానేలేదు, అందుకే నడవలేదు.

ఎక్స్‌ఓ తీసేయండి. అది లేకపోతే తేదీ తేడా ఉన్న ఫైల్‌ని, పాతదైనా కొత్తదైనా, రోబోకాపీ తీసుకుంటుంది.

మిల్లు_లెక్కలు
అవును, ఆ రోజు గాలివానకి సాయంత్రం పోయిన కరెంటు తెల్లారేదాకా రాలేదు. కాటా కుర్రాడు తేదీ చేత్తో కొడతాడు కాబట్టి బిల్లుల్లో సరిగ్గానే ఉంది, అందుకే ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం భోజనాల టైములో సర్వర్ ఆపి మూత విప్పాను. తవుడు పొర, వేలితో పేరు రాయొచ్చు. బ్యాటరీ సీఆర్ 2032, గోరుతో పక్కనున్న క్లిప్ నొక్కితే పైకి లేచింది. కొత్తది వాచీల షాపులో దొరికింది. సమయం సరిచేసి, ఎక్స్‌ఓ తీసేసి, చేత్తో ఒకసారి నడిపించాను. ఐదు రోజుల డేటా వచ్చేసింది.

బరంపురం_బాబాయ్
వచ్చేసిందని ఎలా తెలుసు? తేదీ చూసి చెప్తున్నావా, తెరిచి చూశావా?

మిల్లు_లెక్కలు
అడుగుతావని తెలుసు బాబాయ్. సాయంత్రం నాస్‌లోంచి ఫోల్డర్‌ని ఇంట్లో ఉన్న పాత విండోస్ 7 లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, సాఫ్ట్‌వేర్ కూడా అందులోకి వేసి తెరిచాను. ఇండెక్స్ కాసేపు కట్టుకుంది. ఆఖరి లారీ ఈ రోజు సాయంత్రం నాలుగున్నరది, 212 బస్తాలు. కాటా దగ్గర చీటీ తీసి చూస్తే 212. ఆ చీటీ ఫోటో తీసి ఓనర్ గారికి పంపాను, ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు, అంతే. బూందీ ఈసారి లేదు.

సిరొంచ_సెంటర్
ఆ 212 చూసి నాకు కడుపు నిండింది.

జయపురం_జెరాక్స్
రాయగడ అన్నా, ఆ లాన్ మేనేజర్ లెవెల్ ఎక్కడ మార్చాలో ఇంకోసారి చెప్పవా? మా షాపులో నాస్ నిన్న అప్‌డేట్ అయింది, పాత సర్వర్ నుంచి 1326 వస్తోంది.

బరంపురం_బాబాయ్
ముందు నీ సర్వర్లో జెడ్ డ్రైవ్ ఉందో లేదో చెప్పు.

జయపురం_జెరాక్స్
ఉంది.

బరంపురం_బాబాయ్
తీసేసి రా, మాట్లాడుకుందాం.